మీరడిగారు: కెంటకీ వియ్యాలవారి వంశం ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మాది తెనాలి. మా అబ్బాయి ఒహాయోలో ఉంటాడు, కోడలు అమెరికా అమ్మాయి. ఐదో తరగతి చదివే మనవరాలిని స్కూల్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. మా వైపు ఏడు తరాలు నేను నోటితోనే చెప్పేశాను. వాళ్ల వైపు మాత్రం మా వియ్యపురాలికి తెలిసింది ఒక్కటే ముక్క. పూర్వం ముగ్గురు అన్నదమ్ములు వర్జీనియా నుంచి కెంటకీకి, అది ఇంకా రాష్ట్రం కాకముందే వచ్చారట, బోలెడంత భూమి ఉండేదట. సెన్సస్ కాగితాల్లో 1850 దాకా పేర్లు బాగానే దొరికాయి, ఆ వెనక అంతా అంకెలే, 1800లో అయితే అసలు కెంటకీయే కనపడలేదు. ప్రాజెక్టు ఎప్పుడో ఇచ్చేశాం కానీ నాకు పట్టుదల వచ్చేసింది. ఇంకెలా వెతకాలి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ ముగ్గురు అన్నదమ్ముల సంగతి చెప్తాను. అమెరికాలో వంశాలు వెతికేవాళ్లలో ఈ కథ వినని మనిషి ఉండడు, ఏ ఇంటికెళ్లినా ముగ్గురు అన్నదమ్ములే ఓడ దిగి ఉంటారు. అబద్ధమని కొట్టిపారేయక్కర్లేదు, కాగితం దొరికేదాకా పక్కన పెట్టండి చాలు. "బోలెడంత భూమి" అన్న ముక్కను మాత్రం పక్కన పెట్టొద్దు. మీకు దారి చూపించేది అదే.

1850 దగ్గర ఆగిపోవడం మీ తప్పు కాదు. అమెరికాలో మొదటి జనాభా లెక్క 1790లో జరిగింది, అప్పటి నుంచి పదేళ్లకోసారి. కానీ 1840 దాకా ఇంటి యజమాని పేరు ఒక్కటే రాసి, మిగతావాళ్లను ఫలానా వయసు మగవాళ్లు ఇంతమంది, ఆడవాళ్లు ఇంతమంది అని అంకెలు వేసి వదిలేశారు. ఇంట్లో ఉన్న స్వతంత్రులందరి పేర్లూ రాయడం మొదలైంది 1850లోనే. ఇక కెంటకీ కనపడలేదన్నారు, కనపడదు, అక్కడి 1790, 1800 లెక్కల పుస్తకాలు రెండూ మనదాకా మిగల్లేదు. ఆ రాష్ట్రానికి మిగిలిన వాటిలో మొదటిది 1810ది.

అయినా ఆ అంకెలను తీసిపారేయకండి. 1850లో మీ కోడలి పూర్వీకుడు ఒకాయన 62 ఏళ్లని ఉందనుకోండి. ఆయన 1840లో యాభై-అరవై గడిలో, 1830లో నలభై-యాభై గడిలో, 1820లో ఇరవై ఆరు-నలభై ఐదు గడిలో ఉండాలి. 1810కి వచ్చేసరికి ఇరవై రెండేళ్లవాడు, బహుశా తండ్రి పేరు కింద పదహారు-ఇరవై ఆరు గడిలో ఒక అంకెగా ఉంటాడు. అంటే అదే ఇంటిపేరుతో, అదే కౌంటీలో (మన జిల్లా లాంటిది), 1810లో ఆ గడి నిండిన ఇళ్లన్నీ ఏరితే తండ్రి అయ్యుండే అవకాశం ఉన్నవాళ్లు నలుగురో ఐదుగురో తేలతారు. ఆ అంకె అల్లుడిదో పాలేరుదో కూడా కావచ్చు, అందుకే ఇది అనుమానితుల జాబితాయే తప్ప రుజువు కాదు.

సెన్సస్ లేని ఏళ్లకు పన్ను పుస్తకాలున్నాయి. నా లెక్కలో ఇవి సెన్సస్ కంటే నయం, ఎందుకంటే పదేళ్లకోసారి కాదు, దాదాపు ఏటా రాశారు. కెంటకీ పన్ను జాబితాలో మనిషి పేరు, ఎకరాలు, ఆ భూమి ఏ వాగు పక్కన ఉంది, పట్టా అసలు ఎవరి పేరున పుట్టింది అన్నవి కూడా ఉంటాయి. ఇరవై ఒకటి నిండిన మగవాడు పన్ను లెక్కలోకి వస్తాడు కాబట్టి ఒక పేరు హఠాత్తుగా ప్రత్యక్షమైతే కుర్రాడికి ఇరవై ఒకటి వచ్చిందనో కుటుంబం కొత్తగా దిగిందనో అర్థం. ఒక ఏడాది పెద్దాయన పేరు పోయి ఆ ఎకరాలే ఇంకొకరి పేరు మీద కనపడితే, వెంటనే ఆ కౌంటీ వీలునామాల పుస్తకం తెరవండి.

ఇప్పుడు అసలు విషయం, భూమి. మన దస్తావేజులో తూర్పున ఫలానా వారి పొలం, పడమర డొంక అని హద్దులు రాసినట్టే వర్జీనియా, కెంటకీల్లో "వాగొడ్డున తెల్ల ఓకు చెట్టు దగ్గర మొదలుపెట్టి, ఇన్ని పోల్‌లు ఉత్తరానికి వెళ్లి, ఫలానావాడి హద్దు దాకా" అని రాసేవారు. మా తాతగారి దస్తావేజులో ఒక హద్దు చింతచెట్టు, ఆ చెట్టు కొట్టేశాక రెండు కుటుంబాలు పదకొండేళ్లు మాట్లాడుకోలేదు, కాబట్టి కెంటకీలో ఏం జరిగుంటుందో ఊహించగలను. పోల్ అంటే పదహారున్నర అడుగులు, నాలుగు పోల్‌లు ఒక గొలుసు, 66 అడుగులు. ఆ గొలుసును వంద లింకులు చేసిన గంటర్ అనే ఇంగ్లండు ఆయన పద్ధతే బ్రిటిష్ సర్వేయర్లతో మన దగ్గరికీ వచ్చింది. మీ ఇంటి స్థలం సెంట్లలో ఉంటే ఒక్కో సెంటూ వెయ్యి చదరపు లింకులే.

ఈ కాగితాలు ఎంత చెప్తాయో చూడాలంటే అందరికీ తెలిసిన కుటుంబాన్నే తీసుకుందాం, అబ్రహాం లింకన్ వాళ్లది. ప్రెసిడెంట్ గారి తాత పేరు కూడా అబ్రహామే, వర్జీనియా నుంచి కెంటకీకి వచ్చినవాడు. 1785లో జెఫర్సన్ కౌంటీలో లాంగ్ రన్ అనే వాగు మీద ఆయనకు 400 ఎకరాలు కొలిచారు. ఆ సర్వే కాగితంలో ఇంటిపేరు "లింక్‌హార్న్" అని ఉంటుంది. స్పెల్లింగు చెవికి వినపడినట్టు రాసే కాలం అది, కాబట్టి మీరు కూడా ఒకే స్పెల్లింగు పట్టుకుని కూర్చోకండి. సర్వేలో గొలుసు మోసినవాళ్ల పేర్లు కూడా రాసేవారు, వాళ్లు చాలాసార్లు బంధువులే అయ్యుంటారు, ఆ పేర్లు వదలకండి.

1786లో ఆ తాతను పొలంలోనే స్థానిక తెగవాళ్లు చంపేశారు. అప్పటికి కెంటకీ ఇంకా వర్జీనియాలో భాగమే. మరుసటి ఏడాది మొదటి రోజు నుంచి వర్జీనియాలో ఆస్తి పిల్లలందరికీ సమానంగా పంచే చట్టం అమల్లోకి వచ్చింది, ఆయన అంతకు కొన్ని నెలల ముందు పోయాడు, పాత పద్ధతిలో భూమంతా పెద్దకొడుకు మొర్దెకైకి వెళ్లింది, చిన్నవాడు థామస్‌కు ఏమీ రాలేదు. ప్రెసిడెంట్ తండ్రి చేతిలో ఏమీ లేకుండా పెరగడానికి కారణం ఆ కొన్ని నెలలు. ఇది ఏ సెన్సస్‌లోనూ దొరకదు.

ఆ థామస్ 1803లో మిల్ క్రీక్ దగ్గర 238 ఎకరాలు కొన్నాడు, సర్వే తప్పుల వల్ల 1814లో అమ్మేటప్పుడు అది 200 ఎకరాలైంది. తర్వాత కాపురమున్న రెండు చోట్లా హక్కుల తగాదాలే. అక్కడ ఒకే నేల మీద రెండు మూడు పట్టాలు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండేవి. 1816లో ఇండియానాకు వెళ్లిపోవడానికి బానిసత్వం కొంత కారణమైతే, పెద్ద కారణం ఈ భూమి హక్కుల గొడవేనని కొడుకు తర్వాత రాశాడు. ఇండియానాలో ఆ బాధ లేదు. 1785 చట్టం ప్రకారం ప్రభుత్వమే ముందు నేలను ఆరు మైళ్ల చదరాలుగా కోసి, ఒక్కోదాన్ని 640 ఎకరాల 36 సెక్షన్లు చేసి అమ్మింది. మీవాళ్లు కూడా కెంటకీ వదిలి ఒహాయో, ఇండియానా వైపు వెళ్లుంటే ఆ పట్టాలు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ భూముల శాఖ) సైట్‌లో పేరు కొడితే ఉచితంగా వస్తాయి. కెంటకీ పట్టాలు అందులో ఉండవు, అవి కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లోని రాష్ట్ర ల్యాండ్ ఆఫీసులో, వాళ్ల సైట్‌లో ఉంటాయి. ఆ తర్వాతి అమ్మకాలు కౌంటీ పుస్తకాల్లో, అంటే మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు లాంటి చోట. మీరు చేయాల్సింది ప్లాటు కొనేముందు మనవాళ్లు లింకు డాక్యుమెంట్లు అడిగినట్టే అడగడం: ఇతనికి ఎవరు అమ్మారు, ఆయనకు ఎలా వచ్చింది? కొన్నట్టు కాగితమే లేకుండా ఒకడు భూమి అమ్ముతున్నాడంటే వారసత్వంగా వచ్చుంటుంది, తండ్రి అక్కడే ఉన్నాడు.

ఇంటి ఆడవాళ్ల పేర్లు కూడా ఇక్కడే బయటపడతాయి. భర్త ఆస్తిలో మూడో వంతు మీద భార్యకు హక్కుండేది, అందుకని భూమి అమ్మితే ఆవిడను విడిగా పిలిచి ఇష్టపూర్వకంగానే వదులుకుంటున్నావా అని అడిగి రాసుకునేవారు. థామస్ 1814లో అమ్మిన దస్తావేజు మీద భార్య నాన్సీ నిశానీ ఉంది. ప్రెసిడెంట్ తల్లి గురించి కాగితాల్లో మిగిలిన కొద్దిపాటి ఆనవాళ్లలో అదొకటి.

కౌంటీ పేరు దగ్గర మోసపోకండి. మీ పక్క బాపట్ల 2022లో గుంటూరు నుంచి విడిపోయి సొంత జిల్లా అయినట్టు, 1780లో కెంటకీ అనే ఒక్క వర్జీనియా కౌంటీని మూడు ముక్కలు చేశారు, 1792లో రాష్ట్రమయ్యేనాటికి తొమ్మిది, ఇప్పుడు 120. కుటుంబం ఒకే వాగు పక్కన కదలకుండా ఉన్నా కాగితాలు మూడు కోర్టుల్లో ఉంటాయి, పాతవి పాత కౌంటీలోనే. అందుకే వాగు పేరు పట్టుకోమంటున్నాను, అది అంత తేలిగ్గా మారదు.

ఇంకొకటి, వియ్యపురాలితో మెల్లగా చెప్పాల్సింది. అన్ని ఎకరాలుంటే ఆ ఇంట్లో బానిసలు కూడా ఉండి ఉండొచ్చు. 1850, 1860ల్లో బానిసలకు వేరే జాబితా ఉంది, యజమాని పేరు కింద వయసు, ఆడా మగా మాత్రమే రాసి పేర్లు వదిలేశారు. వీలునామాల్లో, ఆస్తి జాబితాల్లో మాత్రం పేర్లుంటాయి, గుర్రాల పక్కన వెల కట్టి. అలాంటి కాగితం దొరికితే దాచకుండా ఆ పేర్లు కూడా ఎత్తి రాసుకోండి. వాళ్ల మునిమనవలు 1870కి ముందు పేర్లు దొరక్క మీకంటే ఎక్కువ తిప్పలు పడుతున్నారు. అలాగే వర్జీనియా పట్టా ఇచ్చేనాటికి ఆ నేల ఖాళీ కాదు, షానీ, చెరకీ తెగలకు అది వేటభూమి. మనవరాలికి వంశవృక్షంతో పాటు అది కూడా చెప్పండి, అడుగుతుంది ఎలాగూ.

ప్రశ్న: ఇంత కష్టం ఎందుకండీ? నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షాలు రెడీగా ఉన్నాయి, ఒక క్లిక్కులో మా అల్లుడి వంశం ఇంగ్లండు దాకా వెళ్లిపోయింది.
- డాలస్ పాఠకుడు

జవాబు: వెళ్తుంది, ఇంకో రెండు క్లిక్కులు కొడితే ఏ రాజుగారి దాకానో కూడా వెళ్తుంది. చాలావరకు ఒకే పేరున్న ఇద్దరిని కలిపేసిన చెట్లు అవి. ప్రతి తరం దగ్గరా ఏ కాగితం చూసి రాశారో చూడండి, ఏమీ లేకపోతే అక్కడ ఆగండి. కాగితం ఉన్నా గుడ్డిగా నమ్మొద్దు, వివరాలు చెప్పింది ఒకరు, రాసుకున్న అధికారి ఇంకొకరు. మళ్లీ లింకన్ వాళ్లింటికే వెళ్దాం. 1850 సెన్సస్‌లో ఆయన భార్య మేరీ వయసు 28, 1860లో 35. పదేళ్లలో ఏడేళ్లే పెరిగింది, నిజానికి ఆవిడ 1818 డిసెంబరులో పుట్టింది! వయసు లెక్కలు మూడు నాలుగేళ్లు అటూ ఇటూ అయినా టెన్షన్ పడకండి, పొరుగిళ్లవాళ్లు వాళ్లేనా, పిల్లల వరుస అదేనా అన్నది చూడండి. మీ వెతుకులాటలో 1880 నుంచి 1900కి ఒక్క గెంతులో దూకాల్సి ఉంటుంది, 1890 కాగితాలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు పోయాయి. 1880లో తల్లిదండ్రులు ఏ రాష్ట్రంలో పుట్టారో అడిగారు, అది మీకు బాగా పనికొస్తుంది. చేతిరాత చదవలేకపోతే ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరవండి, పాత దస్తావేజులను కంప్యూటరు చదివి పదాలతో వెతికే సదుపాయం పెట్టారు. దానితో సాక్షి సంతకాల్లో దాక్కున్న పేర్లు కూడా బయటికొస్తున్నాయి.

ప్రశ్న: ఇలా మన దగ్గర కూడా పాత జనాభా లెక్కల్లో తాత ముత్తాతల పేర్లు చూసుకోవచ్చా?
- హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: కుదరదండీ. అమెరికాలో 72 ఏళ్లు నిండాక ఇంటింటి కాగితాలు జనానికి ఇచ్చేస్తారు, 1950వి 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. మన దగ్గర 1948 చట్టం ప్రకారం అవి ఎప్పటికీ రహస్యమే, అంకెలు బయటికొస్తాయి గానీ పేర్లు రావు. మనకు ఉన్నవి భూమి కాగితాలు, గయలోనో హరిద్వార్‌లోనో పండాల పుస్తకాలు, కొన్ని కులాలకు గోత్రాలు పాడే పిచ్చుకుంట్ల వాళ్లు. మీ అమ్మమ్మగారి ఊరు ఆంధ్ర వైపైతే ఈసీ (ఆస్తి లావాదేవీల పత్రం) 1983 నుంచి ఆన్‌లైన్‌లో వస్తుంది, అంతకుముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి అర్జీ పెట్టి పుస్తకాలు తీయించాల్సిందే. వెళ్లేముందు ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఒకసారి చూడండి, మా ఇంట్లో చింతచెట్టు దస్తావేజు అక్కడే దొరికింది.