వైష్ణోదేవికి అమ్మను తీసుకెళ్తున్నారా? ముందు పిండీల గురించి చెప్పండి

“మా అమ్మకు అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. వైష్ణోదేవి వెళ్తానంటోంది. గుర్రం ఎక్కించాలా, హెలికాప్టరా?” అని ఒకరు అడిగారు.

తీసుకెళ్ళండి. కొండ ఎలా ఎక్కాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. లోపల అమ్మవారు ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పరు. మాకూ చెప్పలేదు. అందుకే అంతదూరం వెళ్ళి కూడా మా అమ్మ అమ్మవారిని చూడకుండా బయటికొచ్చేసింది.

మాది విజయవాడ. అమ్మ పుట్టి పెరిగింది దుర్గమ్మ కొండ కిందే. ఆమెకు అమ్మవారంటే పసుపు ముఖం, ముక్కుపుడక, పెద్ద పెద్ద కళ్ళు. 2019 నవంబరులో, ఆమెకు 64 ఏళ్ళప్పుడు, అండమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి రెండు రాత్రులు ప్రయాణం చేసి, జమ్మూలో కొండ కిందున్న కాట్రా చేరాం.

బాణగంగ వైపు నుంచి తారాకోట్ దారి పట్టుకున్నాం. 2018లో తెరిచిన ఈ దారిలోకి గుర్రాలు రావు. తిరిగొచ్చేటప్పుడు పాత దారిలో దిగాం, అప్పుడు తెలిసింది తేడా. వెనక నుంచి అరుస్తూ గుర్రాలను తోలుకొచ్చేస్తారు, కర్ర పట్టుకుని నడిచే పెద్దవాళ్ళు గోడకు అతుక్కుని నిలబడాలి. నడిచేవాళ్ళు భక్తులు కారా? కాబట్టి గుర్రం వద్దనే చెప్తాను. హెలికాప్టర్ కూడా కొండ మీది సాంఝీఛత్ దాకానే, అక్కడి నుంచి గుడి ఉన్న భవన్‌కు ఎలాగూ నడవాలి. మబ్బు పడితే అదీ ఎగరదు. మేం సగం దారిలో ఉన్న అర్ధకువారి దాకా మెల్లగా నడిచి, అక్కడి నుంచి బ్యాటరీ కారెక్కాం. మోకాళ్ళకు అసలు పరీక్ష ఎక్కడం కాదు, దిగడం.

రాత్రి ఒంటిగంట దాటాక మా వంతు వచ్చింది. ఫోను, బెల్టు, చెప్పులు లాకర్లో పెట్టి లోపలికి వెళ్ళాం. పాలరాయి నేల కాళ్ళకు మంచుగడ్డలా తగిలింది. గర్భగుడి ముందు నిలబడ్డది మహా అయితే మూడు సెకన్లు, వెనక నుంచి తోపు, పూజారి చెయ్యి, అయిపోయింది. బయటికొచ్చాక అమ్మ నా చొక్కా పట్టుకుని ఆపింది.

“ఒరే, అమ్మవారేదిరా?”

“అదేనమ్మా, చూశాం కదా.”

“కిరీటాలు చూశాను, గొడుగులు చూశాను. ముఖమేదీ?”

నాకు మాట రాలేదు. తప్పు నాదే. అక్కడ మనకు అలవాటైన విగ్రహం కాదు చూడాల్సింది. ఒకే రాయి, అయిదున్నర అడుగులు ఉంటుంది, పైన ముఖం చెక్కని మూడు శిరస్సులు. వాటినే పిండీలంటారు. నల్లగా ఉన్నది మహాకాళి, మధ్యలో పసుపూ ఎరుపూ కలిసినట్టుండేది మహాలక్ష్మి, తెలుపు ఛాయలో మహాసరస్వతి. వాటిపైన మెరిసే అలంకారమంతా ఉంటుంది, కళ్ళు నేరుగా దాని మీదికే పోతాయి. మా ట్రావెల్స్ అతను డబ్బు లెక్క పైసలతో సహా చెప్పాడు, ఈ ఒక్క ముక్క చెప్పలేదు.

డ్యూటీలో ఉన్న జవానుకు వచ్చీరాని హిందీలో సంగతి చెప్పాను. ఆయన అమ్మ ముఖంలోకి చూసి, మళ్ళీ లైన్లోకి వెళ్ళమన్నాడు. రెండున్నర గంటలు పట్టింది. ఆ చలిలో నిలబెట్టి అమ్మకు కథంతా చెప్పాను. ఈ వైష్ణవి దక్షిణాదిలో రత్నాకరుడనే ఆయన ఇంట పుట్టిందట, సీతను వెతుక్కుంటూ వచ్చిన రాముడు సముద్రం ఒడ్డున తపస్సు చేస్తున్న ఆమెను చూసి త్రికూట పర్వతానికి వెళ్ళి ఉండమన్నాడట. అమ్మ శాలువా బిగించుకుంటూ, “అయితే మన వైపు పిల్లే. ఈ చలికి ఎలా తట్టుకుంటోందో తల్లి” అంది.

రెండోసారి గుమ్మం దగ్గరి నుంచే తల దించి, చూపు కిందే పెట్టుకుని వెళ్ళింది. కాళి, లక్ష్మి, సరస్వతి అని ఒక్కో పిండీ వైపు వేలు చూపిస్తూ పెదాలు కదిపింది. పూజారి ముందుకు జరగమంటే తెలుగులోనే, “ఉండు నాన్నా” అంది. ఆయనకు ఏం అర్థమైందో కానీ ఒక్క క్షణం చెయ్యి ఆపాడు.

పొద్దున రోప్‌వేలో, అమ్మవారిని వెంటాడిన భైరవుడి గుడికీ వెళ్ళాం. అమ్మవారు అతని తల నరికితే అది ఆ కొండ మీద పడిందని, అతన్ని కూడా చూస్తేనే యాత్ర పూర్తవుతుందని ఆమే వరమిచ్చిందని చెప్తారు. “చంపినవాణ్ణి కూడా వదల్లేదు చూడు” అని అమ్మ అక్కడ చాలాసేపు కూర్చుంది.

వానాకాలంలో మాత్రం వద్దు. 2025 ఆగస్టు 26న అర్ధకువారి దగ్గర కొండచరియలు విరిగిపడి 30 మందికి పైగా చనిపోయారు. కొత్త సంవత్సరం రద్దీకీ వెళ్ళకండి, 2022 జనవరి 1న తొక్కిసలాటలో 12 మంది పోయారు.

పిండీల ఫోటో ఒకటి సంపాదించి, రైలెక్కే ముందే మీ అమ్మగారికి చూపించండి. మేం కాట్రాలో తిరిగొచ్చేటప్పుడు కొన్నాం. అది ఇప్పుడు మా పూజగదిలో దుర్గమ్మ పటం పక్కన ఉంది. గుడిలో ప్రసాదంగా ఇచ్చిన నాణెం అమ్మ కుంకుమ భరిణలో దాచుకుంది.