వర్క్ అండ్ హాలిడే వీసా మీద ఆస్ట్రేలియా వెళ్లే కుర్రాళ్లు అక్కడ ఇంగ్లీష్ కోర్సులో చేరాలా?

కావలి నుంచి ఒక తమ్ముడి ప్రశ్న: డిగ్రీ అయిపోయింది, కన్సల్టెన్సీ వాళ్లు మెల్‌బోర్న్‌లో నాలుగు నెలల ఇంగ్లీష్ కోర్సుకి ముందే డబ్బు కట్టమంటున్నారు, కట్టాలా?

ముందే కట్టొద్దు. నువ్వు వెళ్లాలనుకునే వర్క్ అండ్ హాలిడే వీసా, అంటే అక్కడ తిరుగుతూ పని కూడా చేసుకునే వీసా, నంబరు 462. 18 నుంచి 30 ఏళ్ల వాళ్లకి, ఏడాది ఉండొచ్చు. మన దేశం వాళ్లకి 2024లో తలుపు తెరిచారు, ఏటా 1,000 మందికే, అదీ లాటరీలో. పేరు రాకముందే ఫీజు కడితే ఆ డబ్బుకి దిక్కెవరు?

ఈ వీసా మీద చదువుకోవడానికి నాలుగు నెలలకి మించి కుదరదు. పైగా దరఖాస్తుకే ఒక స్థాయి ఇంగ్లీష్ చూపించాలి, అంటే గ్రామర్ నీకు కొత్తేమీ కాదు. ఇబ్బందల్లా చెవితోనే. కేఫ్ మేనేజర్ ఫోన్ చేసి రేపటి షిఫ్ట్ మార్చానని గడగడా చెప్పేస్తాడు. అర్థం కాకపోయినా మనం "ఓకే, ఓకే" అంటాం, మర్నాడు తప్పు టైముకి వెళ్తాం. అందుకే అక్కడికి వెళ్లాక, మాట్లాడించే క్లాసు మూడు నాలుగు వారాలు, పొద్దుటి పూట చేరితే ఉపయోగం. రెజ్యూమే, ఇంటర్వ్యూ, ఫోన్ సంభాషణ నేర్పిస్తారా అని అడుగు. నేర్పించకపోతే వదిలెయ్.

ఇంకో మాట. నెల్లూరు, ఒంగోలు కుర్రాళ్లే నలుగురు ఒక గదిలో చేరి రాత్రంతా తెలుగులో కబుర్లు చెప్పుకుంటే ఏ కోర్సూ పనిచేయదు. వేరే దేశాల వాళ్లున్న హాస్టల్లో కనీసం మొదటి నెల ఉండు.