క్రీడల బిడ్డింగ్ కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు దక్కినప్పటి నుంచి, అలాంటి పోటీలను మన దేశానికి తెచ్చే పనిలోనే చేరతానంటోంది. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ డిగ్రీకి ఒక ప్రైవేటు సంస్థ లక్షల్లో ఫీజు చెబుతోంది. చేర్చమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. అమ్మాయి కోరిక బాగానే ఉంది. తొందరపడుతున్నది ఆ సంస్థే.

పోటీలను మా దగ్గర జరపండని పెట్టుకునే దరఖాస్తే బిడ్. అది వేసేది క్రీడా సంఘం, పూచీ ఇచ్చేది ప్రభుత్వం. ఆ ఫైలులో స్టేడియాలు ఎక్కడ, క్రీడాకారుల బస ఎక్కడ, రాకపోకలెలా, బందోబస్తెలా, డబ్బెక్కడిది, ఆటలయ్యాక ఆ కట్టడాలను ఏం చేస్తారు... అన్నిటికీ జవాబులుండాలి. వాటిని తయారుచేసేది ఎక్కువగా ప్లానర్లు (పట్టణ ప్రణాళికలు వేసేవాళ్లు), ఇంజనీర్లు, అకౌంటెంట్లు, లాయర్లు.

లెక్క తప్పితే ఏమవుతుందో విక్టోరియాలో చూశాం. ఈ ఆస్ట్రేలియా రాష్ట్రం 2026 కామన్వెల్త్ క్రీడలను మెల్‌బోర్న్‌లో కాకుండా చిన్న ఊళ్లలో పంచి జరుపుతానంది. ఒక్కోచోటా కొత్తగా కట్టుకోవాలి కదా! 260 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లనుకున్న ఖర్చు 600 కోట్లు దాటుతుందని చెప్పి, 2023 జులైలో చేతులెత్తేసింది. చివరికి పది క్రీడలకు కుదించి గ్లాస్గోకు ఇచ్చారు. మొదట్లోనే ఆ అంచనాను నిలదీసి చూడగలిగే మనిషి కావాలి. అమ్మాయి అలాంటి మనిషి కావాలంటే ముందు గట్టి చదువు ఒకటి చేతిలో ఉండాలి.

ఎంపీసీ కాబట్టి నా మొదటి ఓటు బి.ప్లానింగ్‌కు. కృష్ణ దాటితే విజయవాడలోనే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, 2008లో కేంద్రం పెట్టింది. కోర్సు నాలుగేళ్లు. లెక్కలు, డబ్బు మీద మక్కువుంటే సీఏ కూడా మంచి దారే. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ ఆ తర్వాత చేయొచ్చు. ఐఐఎం రోహ్‌తక్‌లో డిగ్రీ అయినవాళ్లకు డిప్లొమా ఉంది.

ఒక్క మాట దాచకుండా చెప్తాను. బిడ్ బృందాలు తాత్కాలికం, పని అయ్యాక విడిపోతాయి. 2036 ఒలింపిక్స్ కోసం భారత్ 2024 అక్టోబరులోనే ఆసక్తి లేఖ ఇచ్చింది. అది వచ్చినా రాకపోయినా అమ్మాయికి నెల జీతం రావాలి. ప్లానర్‌కు పట్టణాభివృద్ధి సంస్థల్లో, కన్సల్టెన్సీల్లో పని దొరుకుతుంది.

ఈలోగా దసరాకు ఇంద్రకీలాద్రికి వెళ్తే దర్శనంతో సరిపెట్టుకోవద్దనండి. మూలా నక్షత్రం రోజున వాహనాలను ఎక్కడి నుంచి మళ్లిస్తున్నారు, క్యూ లైన్లను ఎక్కడ ఆపి ఎక్కడ వదులుతున్నారు, తాగునీళ్లు, వైద్య శిబిరాలు ఎక్కడ పెట్టారు... రాసుకోమనండి. ఇదంతా ఆమెకు విసుగనిపిస్తే, ఈ రంగం గురించి మరోసారి ఆలోచించుకోవాలి.

బి.ప్లానింగ్ సీటుకు జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బి రాయాలి. ఇంజనీరింగ్ పేపర్ ఒక్కదానికే టిక్ పెట్టి, తర్వాత బాధపడేవాళ్లను చాలామందిని చూశాను. దరఖాస్తు నింపేటప్పుడు పక్కన కూర్చోండి.