ఆ ఆఫీసరు చేతిలో ఒక నోటుబుక్కు పెట్టు

బాబూ,

నీ కథ రెండుసార్లు చదివాను. ఒడ్డుకు కొట్టుకొస్తున్న ఓడని నీ సూపర్‌హీరో మన విశాఖ తెన్నేటి పార్కు దగ్గర రెండు చేతులతో ఆపి, మళ్లీ సముద్రంలోకి నెట్టేసే ఘట్టం చాలా బాగా వచ్చింది. 2020 అక్టోబర్‌లో ఎంవీ మా అనే బంగ్లాదేశ్ ఓడ అక్కడే ఒడ్డెక్కినప్పుడు ఊరంతా చూడ్డానికి ఎగబడింది. ఆ జనంలో నువ్వూ ఉండే ఉంటావు. కళ్లారా చూస్తే తప్ప అలా రాయలేరు.

నాకు మింగుడుపడనిది నీ స్పెషల్ ఆఫీసరు. సూపర్‌హీరోలంతా పేర్లు నమోదు చేయించుకోవాలని జీవో తెప్పించిన మనిషి. వచ్చిన ప్రతిసారీ పళ్లు నూరతాడు, ఫోన్లో "వాణ్ణి వదలను" అంటాడు. ఎందుకు వదలడో నువ్వు ఎక్కడా చెప్పలేదు. చివరికి లంచగొండి అని తేల్చేశావు. అక్కడితో కథ చతికిలపడింది. లంచం తిన్నవాడి అనుమానాన్ని పాఠకుడు ఎందుకు పట్టించుకుంటాడు? నీ హీరో జవాబు చెప్పుకోవాల్సిన అవసరమే పోయింది.

నేను రెవెన్యూలో గుమస్తాగా పనిచేసి రిటైరయ్యానని నీకు తెలుసు కదా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి పోయాక ఏ వీధి చూసినా పడిపోయిన చెట్లే. ఒక కుర్రాడు ఎక్కడి నుంచో రంపం మిషను తెచ్చుకుని, పైసా తీసుకోకుండా, పొద్దుటి నుంచి చీకటి పడేదాకా కొమ్మలు కోసేవాడు. మూడో రోజు ఒక పెద్ద కొమ్మ కోస్తుంటే అది పక్కకు తిరిగి ఒక ఇంటి గోడ మీద పడింది. గోడ కూలింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కుర్రాడు దండం పెట్టి తర్వాతి వీధికి వెళ్లిపోయాడు. అక్కడా జనం దారిలేక ఎదురుచూస్తున్నారు మరి.

మర్నాడు ఆ ఇంటావిడ మా దగ్గరకొచ్చింది. "ఆ బాబు మంచోడే. మరి నా గోడెవులు కడతారు బాబూ?" అంది. నష్టం రాసుకునే ఫారం నా ముందుంది. తుపానుకు కూలిందా అంటే కాదు. ఎవరైనా కావాలని కూల్చారా అంటే అదీ కాదు. మా ఆఫీసరు ఫారం తన వైపు లాక్కున్నాడు. పెన్ను క్యాప్ తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. తుపానుకే కూలిందని రాస్తే అబద్ధానికి సంతకం పెట్టినట్టు. ఉన్నదున్నట్టు రాస్తే ఆవిడకి పైసా రాదు. ఆయన ఉన్నదున్నట్టే రాశాడు. దరఖాస్తు తిరిగొచ్చింది.

ఆ వారమంతా ఆయన ఒక పొడుగాటి నోటుబుక్కు పట్టుకుని వీధులు తిరిగాడు. సాయానికొచ్చిన ప్రతివాడి పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసుకున్నాడు. జనం మొహం మీదే తిట్టారు. నేనూ మనసులో తిట్టుకున్నాను. ఆయన మాత్రం రాసుకుంటూనే పోయాడు.

నీ ఆఫీసరు ఆ నోటుబుక్కులోంచి పుట్టాలి.

అతనికి ఇంకో జ్ఞాపకం కూడా ఇవ్వొచ్చు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి ఇళ్లలోకి వచ్చింది. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరుగెత్తి, రోడ్ల మీద కుప్పకూలారు. 12 మంది పోయారు. ట్యాంకులో వేడి పెరుగుతుంటే సకాలంలో అదుపు చెయ్యలేకపోయారు. ఆ పూట అంబులెన్సుల మధ్య నిలబడ్డ అధికారికి నీ హీరోని చూస్తే మొదట ఏం తోస్తుంది? ఈ మనిషికి కోపం వస్తే ఎంత వేడెక్కుతాడు, అది కొలిచే మీటరు ఎక్కడుంది అని. ఈ ఒక్క ప్రశ్న అతని చేత మామూలు గొంతుతో, నెమ్మదిగా అడిగించు. పళ్లు నూరక్కర్లేదు.

చట్టం కూడా చేతికందే చోటే ఉంది. తుపాకీ ఉన్నవాడు లైసెన్సు తీసుకోవాలి, ఎన్నికలొస్తే సాధారణంగా దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పగించమంటారు. మరి పిడికిలే ఆయుధమైనవాడు ఏం అప్పగిస్తాడు? హీరో, ఆఫీసరు ఇద్దరిలో ఎవరి దగ్గరా జవాబు లేకపోతే ఇంకా మంచిది, ఆ సీను దానంతటదే నడుస్తుంది.

అమెరికా కామిక్స్‌లో ఈ రకం అధికారి ఎప్పుడో వచ్చాడు. మార్వెల్ వాళ్ల హెన్రీ పీటర్ గైరిచ్ 1977 నాటివాడు. అవెంజర్స్ అనే సూపర్‌హీరోల జట్టు ఉండే ఇంట్లోకి ఎవరూ ఆపకుండా నడిచొచ్చేసి, మీ భద్రత ఇంత అధ్వానమా అని నిలదీస్తాడు. తర్వాత జట్టులో ఏడుగురే ఉండాలని, ఎవరెవరో కూడా తనే తేలుస్తాడు. మనిషి మొరటువాడే, కానీ తలుపు దగ్గర కాపలా లేదన్నది నిజం. నాకు అతనిలో నచ్చేది అదే. అతన్ని మాత్రం ఇక్కడికి దించకు. మనవాడికి మహారాణిపేటలో ఆఫీసు, సోమవారం జనం అర్జీలు తీసుకునే గ్రీవెన్సు, రాత్రి పదింటికి పైనుంచి ఫోను, ఇంట్లో అన్నానికి ఎదురుచూసే భార్య ఉంటారు.

ఓడ ఘట్టం అతని వైపు నుంచి ఒకసారి రాసి చూడు. జనం ఈలలు వేస్తున్నారు. అతను మాత్రం ఓడ అడుగు వైపు చూస్తున్నాడు. ట్యాంకుల్లో ఇంధనం ఎంతుంది? రాళ్లకు కోసుకుని అడుగు చిల్లు పడిందా? చిల్లుపడ్డ ఓడని లోతుకి నెడితే, ఆ నూనె రేపు ఏ మత్స్యకారుల వలలకి అంటుకుంటుంది? హీరో చొక్కా పిండుకుంటూ ఒడ్డుకొస్తాడు. అతను ఎదురెళ్లి ముందు చెయ్యి కలపాలి, నిజంగానే మెచ్చుకోవాలి. తర్వాత నోటుబుక్కు తీసి, "పేరు?" అని అడగాలి.

ముందు ఒక సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లి గ్రీవెన్సులో వెనక బెంచీ మీద కూర్చో. ఎవరితోనూ మాట్లాడకు. అర్జీ తీసుకుంటున్నప్పుడు ఆ బల్ల అవతలి మనిషి చేతులు చూడు. ఆ సాయంత్రం కాగితాలు పట్టుకుని ఇంటికి రా, నేను ఉంటాను.

మీ మాస్టారు