అమెరికా ఎంపీహెచ్‌కు పొలం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీడీఎస్ పూర్తి చేసింది. ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) సీటు రాలేదు. అమెరికాలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) చేస్తానంటోంది. 50 లక్షల లోన్ కావాలి, పొలం తాకట్టు పెట్టాలి. మా తోడల్లుడి కూతురు అలాగే వెళ్లి స్థిరపడింది. ఇక్కడ చదివితే విలువ ఉంటుందా? ఏది లాభం?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఫీజుల సంగతి అడిగారు గానీ, మీ టెన్షన్ అది కాదు. అయిదేళ్లు బీడీఎస్ చదివించి తప్పు చేశామా అన్న బెంగ. ఏ తప్పూ జరగలేదండీ. రోగిని చూసిన అనుభవం ఉన్నవాళ్లు ప్రజారోగ్యంలోకి వస్తే ఆ చదువుకు బలం పెరుగుతుంది. ఎండీఎస్ సీటు రానంత మాత్రాన అమ్మాయి వెనకబడిపోలేదు.

ముందు లెక్క చూద్దాం. అమెరికాలో గుర్తింపు పొందిన ఎంపీహెచ్‌కు కనీసం 42 క్రెడిట్లు (కోర్సు పరిమాణాన్ని కొలిచే యూనిట్లు) ఉండాలి. క్రెడిట్ వెయ్యి డాలర్లనుకున్నా ఫీజే 42 వేల డాలర్లు. అద్దె, తిండి, ఇన్సూరెన్స్ వేరే. 50 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 69 వేల ఈఎంఐ. చదువుకునే రెండేళ్ల వడ్డీ ఇందులో లేదు.

కన్సల్టెన్సీవాళ్లు సాధారణంగా చెప్పని మాట ఇంకోటుంది. జనరల్ పబ్లిక్ హెల్త్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోర్సుల) జాబితాలో లేదు. అంటే చదువయ్యాక పనిచేయడానికి దొరికేది 12 నెలల ఓపీటీ అనే అనుమతే. ఎపిడెమియాలజీ (రోగాల వ్యాప్తిపై అధ్యయనం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) కోడ్ ఉన్న కోర్సులకైతే మరో 24 నెలలు దొరుకుతాయి. డిగ్రీ పేరు రెండుచోట్లా ఎంపీహెచ్చే. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో మేజర్ (ప్రధాన సబ్జెక్టు) పక్కన ఉండే కోడ్ 51.2201 అయితే జనరల్, 26.1309 అయితే ఎపిడెమియాలజీ. డిపాజిట్ కట్టకముందే ఆ కోడ్ ఏదో డిపార్ట్‌మెంట్‌కు మెయిల్ రాసి అడగమనండి. పైగా 2025లో అక్కడి ఆరోగ్యశాఖే పదివేల ఉద్యోగాల కోత ప్రకటించింది. ఈ రంగంలో పోటీ పెరిగింది.

బీడీఎస్ వాళ్లలో చాలామంది ఎంపీహెచ్‌ను మెట్టుగా వాడుకుని, తర్వాత అక్కడ డెంటిస్టు కావాలనుకుంటారు. దానికి ఐఎన్‌బీడీఈ అనే అక్కడి డెంటల్ బోర్డు పరీక్ష, ఆపైన విదేశీ డెంటిస్టుల కోసం ఉండే రెండు మూడేళ్ల అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సు, దాని ఫీజు వేరు. మీ అమ్మాయి మనసులో అదే ఉంటే 50 లక్షలు మొదటి విడత మాత్రమే. ఆ సంగతి ఆమెను సూటిగా అడగండి.

కాస్త గట్టిగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. ఉత్తరంలో తోడల్లుడి కూతురు ఉంది, పొలం ఉంది. మీ అమ్మాయికి ఏ పని ఇష్టమో ఒక్క ముక్క లేదు. అవతలి అమ్మాయి స్థిరపడిందన్నారు, ఆమె లోన్ ఇంకా ఎంత మిగిలిందో అడిగారా? ఆమె ఏ కోర్సు చదివిందో తెలుసా? చుట్టాల పిల్లల్ని చూసి పొలం పత్రాలు బ్యాంకులో పెట్టే పద్ధతి ఇకనైనా మానండి.

ఇక్కడ విలువ లేదన్న మాట నిజం కాదు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ 1997 నుంచే ఎంపీహెచ్ నడుపుతోంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, పుదుచ్చేరి జిప్మర్, ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ఉన్నాయి. హైదరాబాద్‌లోనే ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఉంది, అక్కడ ఫీజు ప్రభుత్వ సంస్థలకంటే ఎక్కువ. ప్రభుత్వ సంస్థల్లోనైతే పొలం జోలికి వెళ్లే పనిలేదు. అయితే ఉద్యోగాలు సులువని చెప్పను. జాతీయ ఆరోగ్య మిషన్‌లో ఎక్కువగా కాంట్రాక్టు పోస్టులే. 2025లో అమెరికా ప్రభుత్వ విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడ్డాక స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టులకూ గండి పడింది. డేటా విశ్లేషణ బాగా వచ్చినవాళ్లకు దారులు ఎక్కువ.

నా మాటగా, ముందు ఇక్కడ చదవనివ్వండి. స్టాటిస్టిక్స్, ఆర్ (డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్) నేర్చుకుని రెండేళ్లు ఫీల్డులో పనిచేస్తే, ఆపైన అమెరికాలో పీహెచ్‌డీకి ఫండింగ్‌తో ప్రయత్నించవచ్చు. ఇప్పుడే వెళ్లాలన్న పట్టుదల ఉంటే, స్టెమ్ కోడ్ ఉండి, ఫీజులో పెద్దభాగం అసిస్టెంట్‌షిప్‌గా (యూనివర్సిటీలో పనిచేసినందుకు ఇచ్చే సాయంగా) ఇస్తామని రాతపూర్వకంగా చెప్పే చోటికే పంపండి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఈ ఏడాదికి ఆగమనండి, ఒక ఏడాది ఆలస్యమైతే ఆమెకు పోయేదేమీ లేదు.