తొకాయ్ వెళ్లబోతున్న మేనల్లుడికి

చి. కిరణ్‌కి మావయ్య ఆశీస్సులు.

అక్టోబరు చివర్లో ఫ్రెండ్స్‌తో బుడాపెస్ట్ వస్తున్నావనీ, హంగరీలో వైన్లకు పేరున్న ఊరు తొకాయ్ వెళ్లి అసూ అనే తీపి వైన్ రుచి చూస్తావనీ మీ అమ్మ చెప్పింది. నేను ఏటా వెళ్లే చోటు కదా, నాలుగు మాటలు రాయాలనిపించింది.

కారు వద్దు. ఇక్కడ ఒక్క చుక్క తాగి బండి నడిపినా నేరమే. కెలెతి స్టేషన్లో పొద్దున్నే రైలెక్కండి.

దిగగానే సెల్లార్‌కి పరిగెత్తకండి, ముందు తోట చూడండి. ఊరి వెనక కొండకు దక్షిణపు వాలు మీద హేత్‌సోలో ఎస్టేట్ ఉంది. ఆ పేరుకు ఏడు తోటలని అర్థం. 1502లో కొండ మీది మేలైన ఏడు తోటల్ని ఏరి కలిపారు. హంగరీ రాకోత్సి ప్రభువులు ఏలిన తోట అది. 1711లో వాళ్ల తిరుగుబాటు ఓడిపోయాక ఆస్ట్రియా హబ్స్‌బర్గ్ చక్రవర్తుల చేతికి పోయింది. కోతల రోజులు కాబట్టి వస్తున్నామని ముందే మెయిల్ పెట్టు.

కొండ కింద బోద్రోగ్, తీసా నదులు కలుస్తాయి. తెల్లవారుజామున అక్కడి నుంచి లేచే పొగమంచు తగిలి పండిన ద్రాక్షకు బోట్రిటిస్ అనే బూజు పడుతుంది. పగటి ఎండకూ గాలికీ లోపలి నీరు ఇగిరిపోయి పండు కిస్మిస్‌లా ముడుచుకుంటుంది. అదే అసూ. గుత్తులు కోయరు, ఒక్కో పండూ వేళ్లతో ఏరతారు, అదే తోటకు మళ్లీ మళ్లీ వస్తారు. నువ్వూ ఒక పండు అడిగి నోట్లో వేసుకో. ముందు తేనెలా ఉంటుంది, వెనకే పులుపు తగులుతుంది. మొదటిసారి తిన్నప్పుడు నాకు మా అక్క చేసే మామిడిపండు పులుసు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. అసూలో లీటరుకు కనీసం 120 గ్రాముల చక్కెర ఉంటుంది. ఆ పులుపే లేకపోతే రెండో గుక్కకే వెగటు పుట్టేది.

రుచి చూసేటప్పుడు తీపి లేని ఫుర్మింట్‌తో మొదలుపెట్టు, అది అక్కడి తెల్ల ద్రాక్ష వైన్. అసూ ఆఖర్న. వరస తిప్పితే ఫుర్మింట్ రుచే తెలీదు. సీసా మీద 5 పుత్తోన్యోష్, 6 పుత్తోన్యోష్ అని ఉంటుంది. 136 లీటర్ల పీపాకు ఎన్ని బుట్టల అసూ పళ్లు వేశారో చెప్పే పాత లెక్క అది. ఇప్పుడు చక్కెరను బట్టి రాస్తారు. ఎస్సెన్సియా అని ఒకటుంది, రాశి పోసిన అసూ పళ్ల బరువుకే దిగే రసం. స్పూనుతో రుచికి ఇస్తే కాదనకు, కొనకు, చాలా ఖరీదు.

కొనాలంటే నా మాట విని సమోరొద్ని అనే వైన్ కొను. బూజు పట్టినవీ పట్టనివీ గుత్తులతోనే కోసి చేస్తారు, అసూ కన్నా చవక. లేబుల్ మీద ఏదెష్ అని ఉంటేనే తీపి. నేనొకసారి చూసుకోకుండా సారజ్ అన్నది తెచ్చాను, అందులో తీపి లేదు. అసూ సీసా తెరిచినా ఫ్రిజ్‌లో వారాల తరబడి ఉంటుంది, ఒక్క రాత్రిలో ఖాళీ చేయకండి.

ఎంత ఆలస్యమైనా రాత్రికి ఇంటికే రండి. ఎంతమందో చెబితే అత్తయ్య అన్నం, పప్పు ఉంచుతుంది.

మీ మావయ్య