భోగిపళ్లు అమ్మమ్మ పోయకూడదా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. నిరుడు భాద్రపదంలో నాన్న పోయారు. ఏడాది తిరగలేదని పోయిన సంక్రాంతి చేసుకోలేదు. సంవత్సరీకం అయింది కనుక ఈసారి మా ఇంట్లో రెండున్నరేళ్ల పాపకు భోగిపళ్లు పోయాలనుకున్నాం. ‘ముత్తైదువలు పోస్తారు, మీ అమ్మగారు కూర్చుని చూస్తారులే’ అని మావారి పిన్ని అన్నారు. ఆ మాట అమ్మ చెవిన పడింది. పండుగకు రానంటోంది. మా అత్తగారు మంచావిడే కానీ చెల్లెలి మాటకు అడ్డు చెప్పరు. పండుగ పూట గొడవెందుకని మావారు అంటున్నారు. రెండు గంటల ప్రయాణం దూరంలో అమ్మ ఒంటరిగా ఉంటోంది. ధనుర్మాసం వచ్చినా వాకిట్లో ముగ్గు వేయడం లేదట. ఒక పూటే తింటోందని పక్కింటివాళ్లు చెప్పారు. కొత్త సంవత్సరంలోనైనా తనను మళ్లీ మామూలు మనిషిని చేసుకోవాలని ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో పిన్నిగారి మాట ఉంది, మీవారి మాట ఉంది, పక్కింటివాళ్ల మాట కూడా ఉంది. అమ్మ నోటి నుంచి వచ్చింది మాత్రం ‘రాను’ అన్న ఒక్క మాటే. మనవరాలికి పళ్లు పోయాలని లేకనా, నలుగురిలో చాచిన చెయ్యి వెనక్కి తీసుకోవలసి వస్తుందన్న భయంతోనా? అది ఫోనులో తేలదు. ఒక రోజు వెళ్లి ఆవిడ దగ్గర కూర్చోండి.

వెళ్లాక ‘వస్తావా, రావా’ అని మాత్రం అడగకండి, రాననే అంటుంది. అరిసెల పాకం సంగతి ఎత్తండి. నీళ్లలో వేసిన బెల్లం పాకం ఏ క్షణంలో ఉండ కడుతుందో, తడిపిండి ఎప్పుడు కలపాలో పుస్తకం చూసి పట్టుకోవడం కష్టం. ‘బియ్యం నానబోసేటప్పటికే నువ్వు రావాలి’ అంటే రెండు మూడు రోజుల ముందే వస్తుంది. అయితే ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. అరిసెలు వండేటప్పుడు కావలసిన చెయ్యి, సాయంత్రం పాప తల మీదికి వెళ్లేటప్పుడు పనికిరానిది కాకూడదు. అలా జరిగేటట్టయితే అసలు పిలవకండి. పిన్నిగారి మాట కంటే అదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

భోగిపళ్లు పోసేది పిల్లకు దిష్టి పోవాలని, చల్లగా ఉండాలని. రేగిపళ్లు, చెరకు ముక్కలు, పూలరేకులు, నానిన శనగలు, చిల్లర డబ్బులు కలిపిన గుప్పెడు. ఆ దీవెన అమ్మమ్మ చేతి నుంచి రాకూడదని ఎవరన్నా నేను ఒప్పుకోను. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. మనం ఇంకా రేగిపళ్ల దగ్గరే తచ్చాడుతున్నాం.

ఈ సంగతి పండుగ నాడు హాల్లో తేల్చుకునేది కాదు. గొడవ వద్దన్న మీవారికే ఈ పని అప్పగించండి. పిన్ని ఆయన పిన్ని. మీరు చెబితే కోడలు ఎదురు మాట్లాడిందంటారు, ఆయన చెబితే అబ్బాయి ముచ్చటపడ్డాడంటారు. అన్యాయమే, కానీ ఈసారికి పనికొస్తుంది. వారం ముందే ఫోను చేసి, ‘మొదటి గుప్పెడు అమ్మా, మా అత్తయ్యగారూ కలిసి పోస్తారు’ అని చెబితే చాలు. అడగడం కాదు, చెప్పడం. దానికి ముందు మీ అత్తగారితో విడిగా మాట్లాడండి. చెల్లెలికి ఎదురు చెప్పమని కాదు, మీ అమ్మ పక్కన నిలబడమని. చాలామంది అత్తగార్లు దీనికి ఒప్పుకుంటారు. వాళ్లకూ రేపటి గురించి లోపల ఒక భయం ఉంటుంది.

ఇంకొక సంగతి మీకు తట్టినట్టు లేదు. భోగి మర్నాడు సంక్రాంతి, పెద్దలకు పెట్టుకునే రోజు. సంవత్సరీకం అయ్యాక ఇదే మొదటి సంక్రాంతి. నాన్నగారి పటం ముందు కొత్త బట్టలు పెట్టి, ఆయనకు ఇష్టమైనవి వండాలని అమ్మకు ఉండదా? ‘రాను’ అన్నదానిలో సగం అదే కావచ్చు. భోగి సాయంత్రం మీ ఇంట్లో, తెల్లవారగానే అందరూ కలిసి ఆవిడ ఇంటికి బయలుదేరేటట్టు చూడండి. పంచె కొనడానికి కొట్టుకు ఆవిడనే తీసుకువెళ్లండి. ఆయన కట్టే అంచు ఏదో ఆవిడకే తెలుసు.

ఇన్ని చేసినా ‘నాకు మనసొప్పడం లేదు’ అంటే బలవంతం చేయకండి. చిన్ననాటి నుంచి విన్న మాటలు పదిహేను నెలల్లో పోవు. ఎవరూ రాకముందు తనొక్కతే పోస్తానంటే సరేననండి.

ముగ్గు గురించి నేను కంగారు పడను, వేయాలనిపించిన రోజున వేస్తుంది. ఒక పూట తిండి మాత్రం ఊరికే వదిలేసే విషయం కాదు. నిద్ర ఎలా ఉంది, బరువు తగ్గిందా గమనించి డాక్టరుకు చూపించండి. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలి మానస్ 14416 ఉంది. మామూలు మనిషిని చేయడమంటే పాత మనిషిని తెచ్చుకోవడమని మాత్రం అనుకోకండి. నాన్నగారు లేని ఇంట్లో ఆవిడ ఎలా ఉండాలో ఆవిడే నేర్చుకుంటోంది.

చివరగా పాప సంగతి. రెండున్నరేళ్ల పిల్లను ఒక్కదాన్నే పీట మీద కూర్చోబెట్టి తల మీద పళ్లు కుమ్మరిస్తే బెదిరి ఏడుస్తుంది. అమ్మమ్మ ఒళ్లో కూర్చోబెట్టండి. అప్పుడు అందరి గుప్పెళ్లూ ఇద్దరి మీదా పడతాయి, పిన్నిగారిది కూడా.